మత్తు వెనక కసరత్తు

ఆపరేషన్ అనగానే అందరికీ సర్జనే గుర్తొస్తారు. కానీ రోగి బరువు నూరు కిలోలు దాటిందంటే సర్జన్ కన్నా ముందు ఆలోచనలో పడేది మత్తు డాక్టరు. పూర్తిగా నిద్రపుచ్చాలా? లేక ఆపరేషన్ చేసే భాగానికే మత్తిచ్చి సరిపెట్టాలా? మొదటిదాంట్లో ముప్పు ఎక్కువ. రెండోదాంట్లో శ్రమ ఎక్కువ. ఆ శ్రమను చాలావరకు తగ్గించే మార్గం మాత్రం రోగి చేతుల్లోనే ఉంది!

"అమ్మా, బరువెంత ఉంటారు?"

"ఎనభై ఉంటానేమో బాబూ..."

పక్కనున్న కోడలు మొహం తిప్పుకుంది. తూకం మిషన్ ఎక్కించి చూస్తే ముల్లు నూట పన్నెండు దగ్గర ఆగింది.

"రాత్రిళ్లు గురక పెడతారా?"

"అబ్బే, లేదు బాబూ!"

ఈసారి కోడలు ఆగలేకపోయింది. "అయ్యో, పక్కింటికి వినబడుతుందండీ!"

మోకీలు మార్పిడి కోసం వచ్చిన ఓ పెద్దావిడకీ మత్తు డాక్టరుకీ మధ్య ఇలాంటి సంభాషణ మన ఊళ్లలో ఏ ఆసుపత్రిలోనైనా వినిపించేదే. బరువు చెప్పడానికి మొహమాటం. గురక సంగతి చెప్పడానికి సిగ్గు. ఆవిడకి అది పరువు సమస్య. డాక్టరుకి మాత్రం ప్రాణ సమస్య. ఎందుకంటే ఆ రెండు జవాబుల మీదే ఆవిడకి ఏ మత్తివ్వాలన్నది ఆధారపడి ఉంటుంది.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 24 మంది స్త్రీలు ఉండాల్సినదాని కన్నా ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36, తెలంగాణలో 30. మోకాళ్ల అరుగుదల, పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, సిజేరియన్ కాన్పు... బరువు పెరిగేకొద్దీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన అవసరమూ పెరుగుతుంది. అంటే మత్తు డాక్టరు ముందు కూర్చునే లావుపాటి రోగుల వరస రోజురోజుకీ పొడవవుతోందన్నమాట.

నిద్రపుచ్చితే ఏమిటి సమస్య?

పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్థీషియా ఇచ్చినప్పుడు రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. గొంతులోకి గొట్టం వేసి ఆ పనిని యంత్రానికి అప్పగించాలి. మత్తు ఎక్కడానికీ గొట్టం సరిగ్గా కూర్చోడానికీ మధ్య ఉండే ఆ కొద్ది క్షణాలే కీలకం. అందుకే ముందుగా మాస్కుతో ఆక్సిజన్ బాగా పట్టిస్తారు. అలా పట్టించాక ఆరోగ్యంగా, సన్నగా ఉన్న మనిషి ఊపిరి ఆగినా రక్తంలో ఆక్సిజన్ ప్రమాదస్థాయికి పడిపోవడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది. బాగా లావుగా ఉన్నవారికి? రెండు మూడు నిమిషాలే!

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వెల్లకిలా పడుకోగానే పొట్ట బరువంతా డయాఫ్రం మీద పడుతుంది. అది పైకి జరిగి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది. లోపల నిల్వ ఉండాల్సిన గాలి తగ్గిపోతుంది. మరోపక్క పెద్ద శరీరానికి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ. ట్యాంకు చిన్నది, ఇంజిను పెద్దది అన్నట్టు. పైగా మెడ చుట్టూ, నాలుక మొదట్లో పేరుకున్న కొవ్వు వల్ల మాస్కు సరిగా ఆనదు, గొట్టం వేయడమూ కొందరిలో కష్టమవుతుంది. అందుకే ఇలాంటివారిని చదునుగా పడుకోబెట్టరు. తల, భుజాల కింద ఎత్తు పెట్టి, చెవి రంధ్రం ఛాతీ ఎముక పై అంచుతో సమానంగా వచ్చేలా సర్దుతారు.

గండం అక్కడితో గడిచిపోదు. ఆపరేషన్ అయ్యాక నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు శ్వాసను మందగింపజేస్తాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం. థియేటర్లో అంతా సవ్యంగా జరిగి, ఆ రాత్రి వార్డులో ఊపిరి అందకపోవడం... మత్తు డాక్టర్లను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

అందుకే వీలున్న ప్రతిచోటా వాళ్ల మొగ్గు రెండో మార్గం వైపు. నడుం కింది భాగానికో, ఒక్క కాలికో, ఒక్క చేతికో మత్తివ్వడం. రోగి మెలకువగా ఉంటాడు. తన ఊపిరి తానే తీసుకుంటాడు. మార్ఫిన్ లాంటి మందుల అవసరమూ తగ్గుతుంది.

కొవ్వు దాచిన గుర్తులు

ఈ పద్ధతి పాతదే. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేశాడు. అది నిజంగా ఎలా పనిచేస్తుందో తేల్చుకోవడానికి ఆయనా, ఆయన సహాయకుడు హిల్డెబ్రాంటూ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. మత్తెక్కిన సహాయకుడి కాలి మీద సుత్తితో కొట్టి, చుట్టతో చురకపెట్టి చూశాడు బియర్. నొప్పి తెలియలేదు! తర్వాత ఇద్దరికీ విపరీతమైన తలనొప్పి మాత్రం వచ్చింది. ఇప్పుడు వాడేది కొకైన్ కాదు, సూది కూడా అంత లావుది కాదు. కానీ సూత్రం మాత్రం అదే.

వెన్నులో సూది వేసేటప్పుడు డాక్టరు కళ్లు వేళ్లలో ఉంటాయి. ముందు నడుముకి రెండు పక్కలా తుంటి ఎముకల పై అంచుల్ని తడుముతారు. ఆ రెంటినీ కలుపుతూ ఊహలో ఓ గీత గీస్తే అది నడుములోని నాలుగో వెన్నుపూస దగ్గర వెన్నెముకను దాటుతుంది. ఆ చుట్టుపక్కల రెండు పూసల మధ్య సందు చూసుకుని సూది దించుతారు. వెన్నుపాము సాధారణంగా నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది కాబట్టి అంత కిందికి వస్తే దానికి తగిలే భయం ఉండదు.

మరి ఆ ఎముకలు వేలికి అందకపోతే? అసలు చిక్కంతా ఇక్కడే. ఇంగ్లండులో నూరుమంది రోగుల మీద చేసి 2000లో ప్రచురించిన ఓ అధ్యయనంలో మత్తు డాక్టర్లు చేత్తో తడిమి చెప్పిన పూసను ఎమ్మారై స్కాన్‌తో పోల్చి చూశారు. సరిగ్గా చెప్పింది నూటికి 29 సార్లే! చాలాసార్లు వాళ్లు అనుకున్నదాని కన్నా సూది గుర్తు పైన ఉంది. రోగి లావుగా ఉంటే గురి ఇంకా తప్పింది. ఒక పూస అటూ ఇటూ అయితే ఫరవాలేదు. రెండు మూడు పూసలు పైకి వెళితే సూది వెన్నుపాము ఉన్నచోటికి చేరుతుంది. మత్తు డాక్టరు పదేపదే తడిమి చూస్తున్నాడంటే పని రాక కాదు... ఈ భయం తెలిసి!

లోతు సంగతి మరొకటి. చాలామందిలో చర్మం నుంచి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల లోపల వెన్ను పొర వెలుపలి సందు తగులుతుంది. లావుగా ఉన్నవారిలో అది ఎనిమిది, పది సెంటీమీటర్లు కూడా ఉండొచ్చు. మామూలు స్పైనల్ సూది పొడవు తొమ్మిది సెంటీమీటర్లు. చాలామందికి అదే సరిపోయినా, పన్నెండు సెంటీమీటర్లు దాటిన పొడవు సూదుల్నీ పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. అంత లోతులో సూది మొన చర్మం దగ్గర వెంట్రుకవాసి పక్కకి వంగినా లోపలికి వెళ్లేసరికి సెంటీమీటరు దూరం తప్పుతుంది.

దీనికి డాక్టర్లు వాడే చిట్కాలు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెడతారు. పక్కకి తిరిగి పడుకుంటే కొవ్వు కిందికి జారి నడిమధ్య ఎక్కడుందో తెలియదు మరి. "రొయ్యలా ముడుచుకోండి, గడ్డం ఛాతీకి ఆనించండి" అంటారు. ఒకరు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకుంటారు. మెడ కింద పొడుచుకొచ్చే పూసనూ పిరుదుల మధ్య గీతనూ కలిపి నడిమి దారి పట్టుకుంటారు. అదీ కుదరకపోతే రోగినే అడుగుతారు. "సూది మధ్యలో ఉన్నట్టుందా, ఎడమకా, కుడికా?" అని. వేలికి అందని గుర్తు రోగి ఒంటికి తెలుస్తుంది! ఆ జవాబును బట్టి సూదిని సవరిస్తారు.

ఈ తడుములాటను చాలావరకు తగ్గించింది అల్ట్రాసౌండ్. కడుపులో బిడ్డను చూసే స్కానింగు లాంటిదే. దాన్ని నడుముకి ఆనిస్తే పూసల సందులు, నడిమధ్య గీత, లోతు ఎంతో ముందే తెలిసిపోతాయి. పెన్నుతో గుర్తు పెట్టుకుని ఆ తర్వాతే సూది పడతారు.

లావైతే మందెక్కువా?

"ఇంత ఒళ్లుందిగా, మత్తు గట్టిగా ఇవ్వండి డాక్టరుగారూ!" బంధువులు తరచూ అనే మాట ఇది. నిజానికి వెన్నులో ఇచ్చే మందుని బరువును బట్టి పెంచరు. పొట్ట లోపలి ఒత్తిడి వల్ల, వెన్ను చుట్టూ చేరే కొవ్వు వల్ల లావుగా ఉన్నవారిలో వెన్నునీరు ఉండే చోటు ఇరుకవుతుంది. అదే మోతాదు కొందరిలో ఇంకాస్త పైకి పాకుతుంది. మత్తు ఛాతీ దాకా ఎక్కితే బీపీ పడిపోతుంది, ఊపిరి బరువవుతుంది. అందుకే ఇక్కడ మోతాదు విషయంలో ధారాళం పనికిరాదు.

చేతులకీ కాళ్లకీ నరాల దగ్గర ఇచ్చే మత్తులోనూ అంతే. తూకం మిషన్ చూపిన బరువుని కాకుండా ఆ ఎత్తుకి ఉండాల్సిన బరువునే లెక్కలోకి తీసుకుంటారు. మోతాదు మించి రక్తంలో కలిస్తే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగొచ్చు. చిత్రమేమిటంటే, అలా జరిగినప్పుడు రోగిని కాపాడే విరుగుడు కూడా కొవ్వే! తెల్లగా పాలలా ఉండే 20 శాతం కొవ్వు ద్రావణాన్ని నరంలోకి ఎక్కిస్తారు. మనిషిలో ఇలా ప్రాణం నిలబడిన తొలి ఉదంతం 2006లో వైద్య పత్రికలకెక్కింది. అప్పటి నుంచీ నరాలకు మత్తిచ్చే గదిలో ఆ సీసా ఉండి తీరాల్సిందే అంటున్నారు నిపుణులు.

ఒక్క కాలికి, ఒక్క చేతికి

మోకాలి ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. నొప్పి అసలు మొదలయ్యేది అప్పుడే. అందుకే తొడ లోపలి వైపు ఒక నరం దగ్గర విడిగా మందు ఇస్తారు. మోకాలి నొప్పి తగ్గుతుంది, తొడ కండరం బలం మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. రోగి మర్నాడే లేచి నాలుగడుగులు వేయగలుగుతాడు. లావుగా ఉన్నవారికి ఈ నడక మందుతో సమానం. మంచానికి అతుక్కుపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు వాళ్లకే ఎక్కువ కదా!

అన్ని నరాలూ అందరికీ తగవు. భుజం ఆపరేషన్‌కి మెడ పక్కన ఇచ్చే మత్తు డయాఫ్రంని నడిపే నరాన్నీ తాకుతుంది. పాత పద్ధతిలో అయితే దాదాపు ప్రతి ఒక్కరిలోనూ ఆ వైపు డయాఫ్రం కొన్ని గంటలపాటు పడకేస్తుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం పావువంతు దాకా తగ్గుతుంది. సన్నగా ఉన్న మనిషికి అది తెలియను కూడా తెలియదు. భారీకాయులకు ఆయాసం ముంచుకొస్తుంది. అందుకే వాళ్ల విషయంలో మందు తగ్గించి ఇవ్వడమో, భుజానికి వెళ్లే వేరే నరాల్ని ఎంచుకోవడమో చేస్తారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మత్తు ఒక్కోసారి సరిగా ఎక్కకపోవచ్చు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 9,038 సార్లు ఇచ్చిన ఇలాంటి మత్తు ఫలితాల్ని పరిశీలించి 2005లో ప్రకటించారు. బీఎంఐ 30, అంతకు మించి ఉన్నవారిలో మత్తు విఫలమయ్యే అవకాశం 1.62 రెట్లు ఎక్కువని తేలింది. అయినా లావుగా ఉన్నారని ఈ పద్ధతిని పక్కన పెట్టక్కర్లేదన్నదే వాళ్ల అభిప్రాయం. అల్ట్రాసౌండ్ అంతగా లేని రోజుల లెక్క అది.

కాన్పు గదిలో పరుగు పందెం

ఎక్కువ బరువున్న గర్భిణి విషయంలో ఈ కసరత్తు అంతా గడియారంతో పోటీపడి చేయాలి. అమెరికాలో 136 కిలోలు దాటిన గర్భిణుల మీద చేసి 1993లో ప్రచురించిన ఓ పరిశీలనలో తొలి ప్రయత్నంలో ఎపిడ్యూరల్ విఫలమైంది నూటికి 42 మందిలో. మామూలు బరువున్నవారిలో అది ఆరుగురికే. సిజేరియన్ అవసరం కూడా వీరిలోనే చాలా ఎక్కువ.

దీనికి మత్తు డాక్టర్లు చెప్పే పరిష్కారం ఒక్కటే... ముందే మొదలెట్టడం. నొప్పులు మొదలైన తొలి దశలోనే నడుములో సన్నటి గొట్టం అమర్చి, అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు తగ్గి హడావుడిగా సిజేరియన్ చేయాల్సి వస్తే, అదే గొట్టంలోంచి మందిచ్చి పని కానివ్వొచ్చు. హడావుడిలో పూర్తి మత్తిచ్చే ముప్పు తప్పుతుంది. ఇందులోనూ ఓ కిటుకుంది. కూర్చున్న మనిషి పడుకోగానే నడుం మీది కొవ్వు కదిలి గొట్టం సెంటీమీటరో, ఇంకా ఎక్కువో జరుగుతుంది. అందుకే పడుకున్నాకే దానికి ప్లాస్టర్ వేయాలి. చిన్న విషయమే. కానీ అది మరిచిపోతే అవసరానికి గొట్టం సరిగ్గా పనిచేయకపోవచ్చు.

"నాకేం తెలియకుండా చేయండి!"

మెలకువగా ఉండి ఆపరేషన్ చేయించుకోవాలంటే భయం సహజం. "నిద్రపుచ్చేయండి బాబూ" అని బతిమాలేవాళ్లే ఎక్కువ. వెన్నులో మత్తిచ్చాక నిద్ర కోసం ఇంకో మందు కూడా ఇస్తే? గురక పెట్టేవాళ్లకి నాలుక వెనక్కి పడి ఊపిరి అడ్డుకుంటుంది. ఏ ప్రమాదాన్ని తప్పించడానికి ఇంత కష్టపడ్డారో దాన్నే కోరి తెచ్చుకున్నట్టు. కాబట్టి డాక్టరు నిద్రమందు తగ్గిస్తే కోపం తెచ్చుకోవద్దు. చెవుల్లో పాటలు పెట్టుకోవడానికి అనుమతి అడగండి.

మరో అపోహ, వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుంనొప్పి వస్తుందని. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి మత్తుసూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. పొట్ట బరువూ కాన్పు తర్వాత బలహీనపడిన కండరాలూ అసలు ముద్దాయిలు. కొందరికి సూది తర్వాత లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. పెన్సిల్ మొనలాంటి సన్నటి సూదులు వచ్చాక అది బాగా తగ్గింది.

అలాగని అన్నిటికీ ఈ మత్తే అని కాదు. బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ సహా పొట్ట పైభాగంలోనూ ఛాతీలోనూ చేసే పెద్ద ఆపరేషన్లకి పూర్తి మత్తు తప్పదు. తగిన ఏర్పాట్లతో అదీ సురక్షితంగానే జరుగుతోంది.

హైదరాబాద్ చెప్పిన పాఠం

మత్తు చరిత్రలో మన హైదరాబాద్‌కి ఓ పేజీ ఉంది. క్లోరోఫాం మత్తులో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. నడిపించింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చు భరించింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. ఇక్కడి మెడికల్ స్కూల్లోనే చదివిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరు పొందారు. నాడి కన్నా ముందు ఊపిరిని కనిపెట్టి ఉండమన్నది లారీ మాట. క్లోరోఫాం గుండెనూ నేరుగా ఆపగలదని తర్వాత తేలడంతో ఆ తీర్పులో కొంత తప్పుందని అర్థమైంది. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న సలహా మాత్రం, ముఖ్యంగా భారీకాయుల విషయంలో, ఇప్పటికీ శిరోధార్యమే.

మత్తు డాక్టరుకి ఇవి చెప్పండి

• అసలు బరువు, ఎత్తు. ఉజ్జాయింపు వద్దు, తూచి చెప్పండి. ఆపరేషన్ బల్ల మోయగల బరువు దగ్గర నుంచి సూది పొడవు దాకా దాని మీదే ఆధారం.

• గట్టిగా గురక పెడతారా, పగలు నిస్సత్తువగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించిందా, మగవారా? కెనడా వైద్యులు 2008లో వెలువరించిన ఈ ఎనిమిది ప్రశ్నల్లో మూడింటికి 'అవును' అని జవాబొస్తే స్లీప్ ఆప్నియా అనుమానం ఉన్నట్టే.

• నిద్రలో ఊపిరి కోసం సీపాప్ యంత్రం వాడుతుంటే ఆసుపత్రికి వెంట తెచ్చుకోండి.

• రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా? వెన్నులో రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి సూదికీ ఆ మందుకీ మధ్య తగినంత ఎడం ఉండాలి. అలాగని సొంతంగా ఆపేయొద్దు.

• బరువు తగ్గడానికో షుగరుకో సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి వారానికో ఇంజెక్షన్ తీసుకుంటున్నారా? అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. పరగడుపున వచ్చినా లోపల ఆహారం మిగిలి ఉండొచ్చు.

• గతంలో మత్తు ఇవ్వడం కష్టమైందా? ఆ కాగితాలు దాచి ఉంటే తీసుకెళ్లండి.

• వీలైతే ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే మత్తు డాక్టర్ని కలవండి. గర్భిణులైతే నెలలు నిండకముందే.

ఇంతకీ మన పెద్దావిడ సంగతి? ఆవిడలాంటివాళ్లకి మత్తు డాక్టర్లు చేసేది ఇదే. కూర్చోబెట్టి, నడుం స్కాన్ చేసి, గుర్తు పెట్టి, పొడవు సూది పక్కన పెట్టుకుని, ఒకవేళ మత్తు ఎక్కకపోతే పూర్తి మత్తుకి కావాల్సిన సరంజామా అంతా సిద్ధం చేసుకుని మొదలెడతారు. పది నిమిషాల్లో అయ్యే పనికి అరగంట పడుతుంది. బయట కూర్చున్న బంధువులు "ఇంకా మొదలెట్టలేదా?" అని విసుక్కుంటారు. ఆ అరగంటే లోపలున్న మనిషికి శ్రీరామరక్ష.

ఆ అరగంటలో డాక్టరుకి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే పరికరం ఏదంటే... అల్ట్రాసౌండూ కాదు, పొడవు సూదీ కాదు. ముందురోజు కోడలు చెప్పిన ఆ ఒక్క ముక్క. "పక్కింటికి వినబడుతుందండీ!"